తాడు దాటని పందెం

ఇప్పుడైతే పొద్దున్నే రంగురంగుల బూట్లు వేసుకుని పరుగెత్తేవాళ్లు శ్రీకాకుళంలో వీధికి పదిమంది కనిపిస్తున్నారు గాని, నేను కొత్తగా ఉద్యోగంలో చేరి అక్కడ గది తీసుకున్న పన్నెండేళ్ల కిందట, రోడ్డు మీద పరుగెత్తే మనిషిని చూస్తే జనానికి రెండే అనుమానాలు వచ్చేవి. బస్సు తప్పిపోయిందేమో అన్నది ఒకటి, కుక్క తరుముతోందేమో అన్నది రెండోది. మొదటి వారంలోనే ఒక పాలాయన నా పక్కన సైకిలు ఆపి, "ఏటి బావూ, బస్సేనా? ఎక్కు, స్టాండు కాడ దింపేత్తాను" అన్నాడు. లేదండీ, ఊరికే పరుగెత్తుతున్నాను అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, గొంతు తగ్గించి, "ఇంటికాడ ఏటైనా గొడవేటి?" అని అడిగాడు. ఏమీ లేదని నమ్మించడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల విశ్రాంతికి ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను, ఎందుకంటే అప్పటికే నాకు ఊపిరి అందడం లేదు.

మాది విజయనగరం. ఇంట్లో మూడు తరాలుగా సంగీతం. మా నాన్నగారు వయొలిన్ మేష్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడో కచేరీలు చేస్తున్నారు, నేను తప్ప. ఇంట్లో నాకు పెట్టిన పేరొకటి, పిలిచే పేరొకటి. నాన్నగారు పిలిచేది 'సగం' అని. ఆయన తప్పేమీ లేదు. వర్ణం మొదలుపెట్టి సగంలో వదిలేశాను. మృదంగం అయితే చేతికి బాగుంటుందేమో అనుకుని అదీ సగంలో వదిలేశాను. టైపు లోయర్ పాసై హయ్యర్‌కి వెళ్లలేదు. హిందీ పరీక్షలు మూడు రాసి మిగతా మూడు హిందీ వాళ్లకే వదిలేశాను. ఈత కూడా సగమే వచ్చు (సగం ఈత ఎంత ప్రమాదమో అసలు ఈత రానివాళ్లకు తెలియదు, వాళ్లు నీళ్లలో దిగరు గనక). "మా సగం ఉద్యోగంలో చేరాడండీ, రిటైరయ్యేదాకా ఉంటాడో లేదో" అని ఆయన తన శిష్యులతో అనడం నేను గుమ్మం బయటి నుంచి విన్నాను. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

నన్ను ఈ పరుగులోకి దింపింది నా గదిలో ఉండే స్నేహితుడు. వాణ్ణి అందరం స్టాప్‌వాచీ అనేవాళ్లం. అన్నం తినడానికి ఎంతసేపు పట్టిందో కూడా చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు (పెళ్లిచూపులకు వెళ్లొచ్చి 'నలభై ఒక్క నిమిషం' అని రాసుకున్నాడు, సంబంధం మాత్రం కుదరలేదు). మా ముఠాలో మూడోవాడు బావ. మా ఆఫీసులోనే గుమాస్తా, సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పేట వాళ్లది. కనిపించిన ప్రతివాణ్ణీ బావా అని పిలిచి పిలిచి చివరికి తనే అందరికీ బావ అయిపోయాడు. శెలవు వస్తే మేనమామలతో తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. మేం పరుగెత్తుతున్నామని తెలిసినప్పుడు, "ఏల? ఎవులు తరుముతన్నారు మిమ్మల్ని?" అన్నాడు గాని, మర్నాడు పొద్దున్నే లుంగీ ఎగగట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేశాడు. మాకంటే పది అడుగులు ముందు, మాతో వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూ పరుగెత్తాడు. ఆ రోజు స్టాప్‌వాచీ పుస్తకంలో ఏమీ రాయలేదు.

బావను చూసే మేం సిగ్గుపడ్డామనుకుంటే, వాళ్లమ్మను చూడ్డం ఇంకా బాకీ ఉంది. ఒక ఆదివారం మేం సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద నురగలు కక్కుతూ పోతుంటే, వెనకనుంచి గబగబా అడుగుల చప్పుడు వచ్చింది. తల మీద ఖాళీ చేపల గంప, బిగించి కట్టిన చీర, నడకా కాదు పరుగూ కాదు, ఆ రెంటికీ మధ్య ఒక పోకడ. మమ్మల్ని దాటేసి, తల కొంచెమైనా కదపకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి, "దారియ్యండి నాయనా, పొద్దెక్కిపోతన్నాది" అంది. అప్పటికి ఆవిడ పేట నుంచి ఊళ్లోకి వెళ్లి, చేపలు అమ్మేసి, తిరిగి వస్తోంది. ముప్ఫై ఏళ్లుగా రోజూ అదే పని. బావ "మా యమ్మే" అన్నాడు, అదేదో మామూలు సంగతైనట్టు. బావకు అమ్మ గనక మాకు అత్త అయింది. నా జీవితంలో నేను చూసిన గొప్ప పరుగు వీరులు ఎవరని ఎవరైనా అడిగితే ఇవాళ్టికీ నా జవాబు అత్తే. ఆవిడకు ఆ మాట చెబితే, "ఏటి, నన్ను ఎగతాళి సేస్తన్నావేటి?" అని గంప దించుతుంది.

ఇలా ఉండగా ఒక కుర్రాళ్ల సంఘం వాళ్లు పందెం పెట్టారు. ముందు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్ల పరుగు, సముద్రం దగ్గరికి చేరాక తెప్ప వేసుకుని నీళ్లలో పాతిన జెండా చుట్టి రావడం, ఆ తరవాత ఇసకలో నాలుగు కిలోమీటర్ల పరుగు. ముగ్గురేసి జట్టు, ముగ్గురూ కలిసే గీత దాటాలి. తెప్పంటే నాలుగైదు దుంగలు తాళ్లతో కలిపి కట్టినది. దాని మీద మోకాళ్లు వేసి కూర్చుని తెడ్డు వెయ్యాలి. మొదటి రోజు నేను తెడ్డు ఎత్తాను, తెప్ప ముందుకు పోయింది, నేను పోలేదు. బావ నన్ను కాలరు పట్టి పైకి లాగుతూ, "నీళ్లతో దెబ్బలాడకు బావా. అది నీకంటే పెద్దది. అది లేచినప్పుడు లేవు, పడినప్పుడు పడు" అన్నాడు. ఇంత మంచి పాఠం నాకు ఏ మేష్టారూ చెప్పలేదు (ఇంట్లో ఈ మాట అనలేదు). నెల్లాళ్లకు నేను పడకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. స్టాప్‌వాచీ, ఎన్నిసార్లు పడ్డానో లెక్క రాయడం మానేశాడు.

ఆ నెల్లాళ్లలోనే ఇంకో పాఠం కూడా అయింది. ఒకరోజు ఒడ్డున పరుగెత్తుతుంటే ఇసకలో అడ్డంగా లావుపాటి తాడు కనిపించింది. పేటవాళ్ల పెద్దవలది. ఆ వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఒడ్డున రెండు గుంపులు నిలబడి, తాళ్లు లాగుతూ, ఒకదానికొకటి దగ్గరగా జరుగుతూ వలను ఇసక మీదికి తెస్తాయి. నాకు అదేమీ తెలియదు. హుషారుగా తాడు మీంచి ఒక్క గెంతు గెంతాను. అంతే, అత్త గొంతు సముద్రాన్ని మించి లేచింది. "ఒరే! వల నీటిలో ఉన్నాది, తాడు దాటేత్తావేటి! కళ్లు లేవా?" వల నీళ్లలో ఉండగా తాడు దాటకూడదట. వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదంటే తాడు మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి వేస్తే మాత్రం వల ఒడ్డుకొచ్చేదాకా తియ్యకూడదు. నన్ను మళ్లీ వెనక్కి పంపించి, చుట్టూ తిప్పి, తాడుకి దణ్ణం పెట్టించి గాని ఆవిడ శాంతించలేదు.

పందెం వారం రోజుల్లో ఉందనగా నాన్నగారికి ఫోను చేశాను. ఏ దయ్యం పట్టిందో, "ఈసారి పూర్తి చేస్తాను నాన్నగారూ, వచ్చి చూడండి" అన్నాను. "వస్తాను గాని, ఎక్కడ నిలబడమంటావురా? మధ్యలోనా, చివర్నా?" అన్నారు. "చివర్న" అన్నాను, గొంతులో లేని ధైర్యం తెచ్చుకుని. ఫోను పెట్టేశాక నాకు అర్థమైంది, ఇది కప్పు కోసమో, షీల్డు కోసమో కాదని. ఇరవై ఆరేళ్ల వయసులో ఆ 'సగం' అన్న పేరు నా మీంచి తీయించుకోవాలి. స్టాప్‌వాచీకి మాత్రం షీల్డు కావాలి. మొదటి మూడు జట్లకు షీల్డు ఇస్తారని తెలిసిన రోజు నుంచీ వాడు గదిలో దానికి మేకు కొట్టి ఉంచాడు.

పందెం రోజు పొద్దున్న రోడ్డు మీద మాది చివరి నుంచి నాలుగో జట్టు. తెప్పల దగ్గరికి చేరేసరికి నా మొహం చూసి ఎవరో మంచినీళ్లు తాగించడానికి బదులు నెత్తిన పోశారు. కాని నీళ్లలోకి దిగాక కథ మారింది. లైఫ్ జాకెట్లు వేసుకుని మేమిద్దరం ఇటూ అటూ బొమ్మల్లా కూర్చున్నాం, వెనక బావ తెడ్డు వేశాడు. ఆ తెడ్డు నీళ్లలోకి దిగడం, లేవడం చూస్తుంటే నాకు ఊళ్లో పెద్ద విద్వాంసుల వయొలిన్ కమాను గుర్తొచ్చింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. మిగతా జట్లు అలతో యుద్ధం చేస్తుంటే బావ అలను అడిగి వెళ్తున్నట్టు వెళ్లాడు. ఒక్కో తెప్పా వెనకబడిపోయింది. ఒడ్డున దిగేసరికి మాది మూడో స్థానం. స్టాప్‌వాచీ కళ్లలో నీళ్లు (ఉప్పునీళ్లని తరవాత బుకాయించాడు).

ఇసకలో మూడున్నర కిలోమీటర్లు ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. దూరంగా షామియానా కనిపిస్తోంది, మైకు వినిపిస్తోంది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో పొందూరు ఖద్దరు ఉత్తరీయం వేసుకుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని నాన్నగారు కూర్చుని ఉంటారు. పొద్దున్నే రైల్లో ఆమదాలవలసలో దిగి ఆటోలో వచ్చేస్తానన్నారు. ఇంక అర కిలోమీటరు. నా బతుకులో మొదటిసారి ఒక పని చివర కంటికి కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు బావ ఆగిపోయాడు.

ఎదురుగా తాడు. పెద్దవల నీళ్లలో ఉంది. మా ముందు వెళ్లిన రెండు జట్లూ దాని మీంచి గెంతేసి పోయినట్టు ఇసకలో అడుగులు ఉన్నాయి. తాడు పట్టుకుని లాగాల్సిన చోట ఇరవై మందికి బదులు ఏడుగురే ఉన్నారు, నలుగురు ముసలాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. అందులో అత్త అందరికంటే ముందు, మోకాలి లోతు నీళ్లలో, మడమలు ఇసకలోకి తన్ని నిలబడి ఉంది. మిగతా పేటంతా ఎక్కడుందో తెలుసా? షామియానా దగ్గర. బావ గెలుస్తాడని చప్పట్లు కొట్టడానికి వెళ్లారు. నీటి వాలు, అదే ప్రవాహం, ఎక్కువై వలను పక్కకు లాగేస్తోంది. తాడు ఒక్కో జానా వాళ్ల చేతుల్లోంచి వెనక్కి జారిపోతోంది.

"మీరెల్లిపోండి బావా" అన్నాడు బావ మాతో, అప్పటికే తాడు పట్టుకుని. ముగ్గురం కలిసి వెళ్లకపోతే లెక్కలోకి రామని వాడికీ తెలుసు. స్టాప్‌వాచీ తన చేతి గడియారం వంక, షామియానా వంక, బావ వంక చూసి, "రెండే నిమిషాలురా! ముందు గీత దాటేసి వచ్చి లాగుదాం!" అని దాదాపు ఏడ్చాడు. నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో బావ మీద పట్టరాని కోపం వచ్చింది. నా జీవితానికి ఇంత దగ్గరకొచ్చిన చివరను వీడు ఒక తాడు కోసం వదిలేయమంటున్నాడు. అప్పుడు అత్త తల తిప్పి చూసింది. "మీకు పందెం ఉన్నాది గదా, ఎల్లండి నాయనా. ఇది మాకు రోజూ ఉన్నదే. సుట్టూ తిరిగి ఎల్లండి, మేం లాగీసుకుంటాం" అంది. ఆ మాట అంటుండగానే తాడు ఇంకో జానెడు జారింది. ఆవిడ ఆ పొద్దున ఊరికి పోయొచ్చి ఉంటుంది. మేం జెండా చుట్టి వచ్చినదానికి చప్పట్లు కొట్టారు, ఆవిడ ముప్ఫై ఏళ్ల నడకకు ఎవరూ కొట్టలేదు. నేను తాడు మీద చెయ్యి వేశాను. స్టాప్‌వాచీ గడియారం విప్పి జేబులో వేసుకుని నా వెనక నిలబడ్డాడు. వాడు గడియారం విప్పడం నేను చూడ్డం అదే మొదలు.

ముందు ఒకాయన "హైలెస్సా" అని అందుకుంటే అందరూ ఒక్కసారి లాగాలి, మళ్లీ ఊపిరి తీసుకోవాలి. పావుగంటలో నా అరచేతులు బొబ్బలెక్కాయి. మా పక్కనుంచి ఒక జట్టు గెంతింది, ఇంకోటి గెంతింది, మేం చివరి నుంచి లెక్కపెట్టుకునే స్థితికి వచ్చేశాం. షామియానా వైపు నుంచి గొడుగు ఒకటి నెమ్మదిగా మా వైపు రావడం కనిపించింది. నాన్నగారు. అందరూ వచ్చేసినా కొడుకు రాకపోయేసరికి, ఎక్కడ వదిలేశాడో చూద్దామని బయల్దేరి ఉంటారు. అవతలి గుంపు తాడు దగ్గరికి వచ్చి ఆగారు. దాన్ని దాటలేదు. పంచె కుచ్చెళ్లు పట్టుకుని ఇసక మీదంతా వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చారు. (ఎందుకు దాటలేదని తరవాత అడిగాను. "బిగించి ఉన్న తీగను దాటతామేమిట్రా?" అన్నారు.)

నా ముందుకొచ్చి నిలబడి, చెమటా ఇసకా నిండిన నా మొహం చూసి, "అయితే ఇక్కడ ఆపేశావన్నమాట" అన్నారు. నేను తాడు వదలకుండా ఇంకో లాగు లాగాను. అత్తకు ఆయనెవరో తెలియదు. "ఓ పెద్దాయనా! తాడు దాటకుండా సుట్టూ తిరిగొచ్చావు, తెలిసినోడివే. మరి నిలబడి సూస్తన్నావేటి? సెయ్యెయ్యి!" అని గద్దించింది. నేను కళ్లు మూసుకున్నాను. నాకు తెలిసి నాన్నగారికి పని చెప్పిన మనిషి లేదు, మా అమ్మ కూడా అడిగేదే తప్ప చెప్పేది కాదు. కళ్లు తెరిచేసరికి ఆయన గొడుగు ఇసకలో గుచ్చి, దాని మీద ఉత్తరీయం వేసి, పంచె ఎగదోపుకుని, తాడు పట్టుకుని నా ముందు నిలబడి ఉన్నారు. రెండు హైలెస్సాలు అయ్యాయో లేదో వెనక్కి తిరిగి, "అందరూ సమానికి లాగుతుంటే నువ్వొక్కడివే తాళం పడ్డాక లాగుతున్నావు. అనాగతం! ఇరవై ఏళ్ల కిందట కూడా ఇదే చెప్పాను నీకు" అని మందలించారు. మూడో లాగుకు నాకు తాళం కుదిరింది. ఎందుకు కుదిరిందంటే, ముందున్న ఆయన వీపు చూసి లాగాను గనక. ఆ వీపుని అంత దగ్గరగా, అంత కష్టపడుతూ నేనెప్పుడూ చూడలేదు.

వల వచ్చేసింది. అద్భుతాలేమీ పడలేదు. కాసిని నెత్తళ్లు, కాసిని కవళ్లు, బోలెడు జెల్లీ చేపలు. అత్త వల అంచంతా వేళ్లతో తడిమి చూసి, "సిరగలేదు. అదే సాలు" అని కూలబడి నవ్వింది. అప్పుడే బావ, "అమ్మకి మా బావ నాన్న తెలీదు గావాల" అని నన్ను చూపించి నాన్నగారిని పరిచయం చేశాడు. అత్త నాలిక కరుచుకుని, "అయ్యో బాబూ, మేష్టారేటి! తెలీక అనీసినాను" అంది. నాన్నగారు తన ఎర్రబడిన అరచేతులు చూసుకుంటూ, "మీరు అన్నది సరిగ్గానే ఉందమ్మా" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "నేను ముందు నడుస్తాను, మీరు చేపలు తీసి రండి. ఎక్కడ నిలబడమన్నావు? చివర్నేగా?" అని గొడుగు పట్టుకుని వెళ్లిపోయారు.

మేం బయల్దేరేసరికి మైకు ఆగిపోయింది. షామియానా విప్పేస్తున్నారు, షీల్డులు ఎవరిళ్లకు వాళ్లు పట్టుకుపోయారు. చివరి గీత దగ్గర కట్టిన రంగు రిబ్బను కూడా లేదు, రెండు వెదురు కర్రలు మాత్రం మిగిలాయి. అందులో ఒకదానికి నాన్నగారు తన ఉత్తరీయం కొస ముడివేసి, రెండో కొస తన చేత్తో చాచి పట్టుకుని నిలబడి ఉన్నారు. పేటంతా అటూ ఇటూ చేరి కేకలు. ఆ అర కిలోమీటరూ ముగ్గురం చేతులు పట్టుకుని, కుంటుతూ, నవ్వుతూ పరుగెత్తాం. ఇంకో పదడుగులు ఉందనగా మా వెనకనుంచి గబగబా చప్పుడు. తల మీద నిండు గంపతో అత్త మమ్మల్ని దాటేసి, గంప ఒరగకుండా మోకాళ్లు వంచి, ఉత్తరీయాన్ని తగలకుండా దాని కిందనుంచి దూరి, "పొద్దెక్కిపోతన్నాది నాయనా" అంటూ రోడ్డెక్కేసింది. అలా ఆ పందెంలో మాకంటే ముందు అత్త వచ్చింది. ఆవిడ మా కోసం తెంపకుండా వదిలేసిన ఆ ఖద్దరు గుడ్డ మా ముగ్గురి గుండెలకూ ఒక్కసారే తగిలింది.

నాన్నగారు ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు. నేను రొప్పుతూ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. ఏమంటారా అని. ఆయన తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకుని, "సగం కాదురా" అన్నారు. నా కళ్లు నిండాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, "ముక్కాలు" అన్నారు. "మిగతా పావు?" అన్నాను. "వయొలిన్ పెట్టెలో ఉంది" అన్నారు.

ఆ మేకుకి షీల్డు బదులు స్టాప్‌వాచీ తన నోటుపుస్తకమే తగిలించాడు. అందులో ఆ రోజు పేజీలో సమయం పక్కన 'వలతో సహా' అని రాసి ఉంటుంది. బావ ఇప్పుడు ఆఫీసరయ్యాడు, తెప్ప మానలేదు. అత్త గంపను ఆటో ఎక్కిస్తోంది గాని తను మాత్రం నడుస్తానంటుంది. నేను విజయనగరం వచ్చేశాను. నలభైకి దగ్గరపడ్డాను, పొట్ట మళ్లీ తన చోటు తను చూసుకుంది. అడుగులు లెక్కపెట్టే గడియారం ఒకటి చేతికి కట్టుకుని కోట చుట్టూ నెమ్మదిగా పరుగెత్తుతుంటాను. అప్పుడప్పుడు ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు, కంటికి కనిపిస్తున్న గీతను చూసి, తాడును చూసి, కోపంతో ఒణికిపోయినవాడు. వాణ్ణి చూస్తే నవ్వూ వస్తుంది, కాస్త గర్వంగానూ ఉంటుంది. సాయంత్రాలు మాత్రం పెట్టె తెరుస్తున్నాను. వర్ణంలో చరణం దాకా వచ్చాను. పక్క గదిలోంచి నాన్నగారు తొడ మీద తాళం వేస్తూ వింటుంటారు. నేను ఎక్కడైనా ఆగిపోతే, "సెయ్యెయ్యి!" అని అత్త గొంతుతో గద్దిస్తారు.